సేనాని ఓటు

గుండ్లపోచంపల్లి చాయ్ హోటల్లో, ఒక యాప్‌లో నడుస్తున్న తన వెబ్ కామిక్ కొత్త భాగానికి, ఎదురుగా కూర్చున్న బొమ్మలు గీసేవాడు కాగితాల మీద గీసుకొచ్చిన బొమ్మలు చూస్తూ రచయిత కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

“చంద్రుడి మీది కాలనీలో అధ్యక్షురాలిని దించెయ్యడానికి చేతులెత్తమన్నారు. సేనాని ఎత్తడని రాశాను కదా. ఎత్తించేశావేంటి?”

“గట్లయితెనే కథ నడుస్తదన్నా.”

“పదేళ్లు ఆవిడ ఉప్పు తిన్నవాడయ్యా!”

“తిన్నడు. కని కొత్తోళ్లు పిలిచిండ్రు. ఇంట్ల మస్తు పరేషాన్ ఉంది.”

“సేనానికి ఇల్లెక్కడిది? నేను రాయలేదే!”

బొమ్మలు గీసేవాడు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

“ఆ యాప్ వాళ్లు నీకు ఫోన్ చేశారా?”

“చేసిండ్రు. నువ్వు లేకుంట నడిపియ్యమన్నరు.”

“నువ్వేమన్నావు?”

“సరే అన్న. నీకు జెప్పనీకి నోరు రాలేదన్నా. గందుకే గీసిన.”

రచయిత మళ్లీ బొమ్మ చూశాడు. ఎత్తిన చెయ్యి, దించుకున్న తల.

“అధ్యక్షురాలి మాటల బుడగ ఖాళీగ ఉంచిన, ఎప్పటిలెక్కనే. గది నువ్వే రాయాలె.”

రచయిత పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి బుడగలో రాశాడు:

“ఇంక చెయ్యి దించు నాయనా. లెక్కపెట్టేశారు.”