పూజ చేసిన సానరాయి

సూర్యాపేటల బెజవాడ రోడ్డు. గ్యాసు వెల్డింగు కొట్టం. దసరా తెల్లారి.

“ఇది అతుకా మంగయ్యా, జల్లెడా?”

“అతుకే బావా.”

“అతుకైతే గిన్ని బొక్కలెందుకు? మీ అక్కకియ్యి, పిండి జల్లించుకుంటది.”

“గ్యాసు బాగలేదేమో…”

“గ్యాసు బాగనే ఉన్నది. ఏ రాయితోని సానపట్టినవ్?”

“రాయితోనే.”

“ఏ రాయి అంటున్న!”

“నిన్న పూజ చేసిన రాయి. బోణీ దాంతోనే చెయ్యాలె గద బావా.”

“పక్కన పొడి రాయి పెట్టుకొనా?”

“దానికి బొట్టు పెట్టలేదు.”

“నీ భక్తి పాడుగాను! పూజల రాయికి ఆముదం ఎంత పోసినవ్?”

“జర… రాయి తాగుతుంటే పోసిన.”

“తాగిందంతా ఇనుముకు కక్కింది. మంట తగలంగనే నూనె పొగై, అతుకుల బుడగలు లేసినయ్. పైకి గిన్నుంటే లోపల ఎన్నున్నయో! అంతా చెక్కి, పొడి రాయితోని గీకి, మళ్ల అతకాలె.”

“బావా, జనార్దన్ పటేలొస్తుండు.”

“ఏం రా ఉప్పలిగా, నా లారీ స్టీరింగు కడ్డీ అయిందా? పండుగ కల్లు దిగలేదా ఇంక?”

“మాపటికిస్త పటేలా. అతుకు చెడింది.”

“అంటుకునే ఉన్నది గద. తే.”

“లోపలంత గుల్ల. దారిల ఇరిగితే లారీ బోర్లపడ్తది.”

“రాయి తిప్పేటోనివి, నాకు లారీ సంగతి చెప్తవా? గరిడేపల్లిల కైకిలోళ్లు నిలవడి ఉన్నరు. ఎక్కించుకొని మిర్యాలగూడ కోతకు పోవాలె.”

“మీరెక్కుతరా ఆ లారీ?”

“నేనెందుకెక్కుత? కారుంది నాకు.”

“మీ ఇంటోళ్లెవరన్న?”

“కైకిలోళ్ల నడుమ మా ఇంటోళ్లా? మతి ఉండే మాట్లాడుతున్నవా?”

“మరి బోర్లపడితే?”

“పడితే లేస్తరు. లేవకుంటే ఇంకొకలొస్తరు. నీకేంది పరేషాన్? ఈ కొట్టం ఎవని జాగల ఉన్నదో ఎరికేనా?”

“ఎరికే. మీ జాగలనే.”

“ఎరికైతే నోరు మూసుకొని కడ్డీ ఇయ్యి. లేకుంటే రేపటికి ఈడ కొట్టముండది, నువ్వుండవ్.”

“బావా, ఇచ్చెయ్యరాదు! ఏడికి పోతం మనం?”

“నువ్వాగు. పటేలా, జర ఎనుకకు జరుగుర్రి.”

“ఎందుకు రా?”

“ఇరిగిన ముక్కలు కండ్లల్ల పడ్తయ్. మంగయ్యా, కడ్డీ దాగలి మీద పెట్టి, పెద్ద సమ్మెట ఇటియ్యి.”