ఆ రోజు హాల్లో కరెంటు పోలేదు

నా పేరూ చిరునామా స్టేషన్ రైటరు గారు పైన రాసుకున్నారు. వయసు ముప్పై ఎనిమిది. సభలకూ పోటీలకూ పాటలు కలిపి వేయడం నా వృత్తి, డీజే అంటారు. తెలిసినవాళ్లు మిక్సింగ్ అక్క అని పిలుస్తారు. నా భర్త వ్యాను నడుపుతారు, నా స్పీకర్లు మోసేదీ ఆయనే. పోయిన శనివారం సాయంత్రం ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని ఒక వాంగ్మూలం ఇచ్చాను. హాలు ఎలక్ట్రీషియన్ స్టేజీ కరెంటు తీసేయడం వల్ల డాన్స్ పోటీలో పాట ఆగిందని అందులో చెప్పాను. అది అబద్ధం. ఈ రోజు నన్నెవరూ పిలిపించలేదు. నా అంతట నేనే వచ్చాను.

ఆ ఎలక్ట్రీషియన్‌ను అందరూ ఫ్యూజు బాబాయ్ అంటారు. నేనూ అలాగే అంటాను. పదేళ్లుగా ఆ హాల్లో నా బల్ల వేసే చోటు తుడిచి ఉంచేది ఆయనే. ఆయనకో అలవాటుంది. ఏది ఆగినా, ఎవరి వస్తువు చెడినా, ముందు "నా వైపేమన్నా తేడా ఉందేమో చూస్తానుండు" అని స్విచ్చుబోర్డు దగ్గరికి వెళతారు. దాని మీద మేమంతా ఆయన్ని ఆటపట్టించేవాళ్లం. ఎవరికైనా జలుబు చేసినా బాబాయ్ ఫ్యూజు చూసొస్తాడని నేనే అనేదాన్ని.

ఇక నా మిషన్ సంగతి. దాన్ని కంట్రోలర్ అంటారు. రెండు గుండ్రటి చక్రాలు, మధ్యలో మీటలు, చుట్టూ రంగు లైట్లు ఉంటాయి. పాటలుండేది మాత్రం పక్కనున్న లాప్‌టాప్‌లో. రెండింటికీ మధ్య ఒకే ఒక్క కేబుల్. పాట వెళ్లేదీ, మిషన్‌కు కరెంటు అందేదీ అందులోంచే. లాప్‌టాప్ దగ్గర ఆ కేబుల్ వదులైపోయి రెండు నెలలైంది. ఇంట్లో రెండుసార్లు ఊడింది. బాగు చేయించవచ్చు, చేయించలేదు. లాప్‌టాప్‌ను కాస్త అడ్డంగా తిప్పి, ఎడమ మోచెయ్యి ఆ పిన్నుకు ఆనించి వాయించడం అలవాటు చేసుకున్నాను. "ఏమిటే, ఒంటిచేతి వాయింపు?" అని మా ఆయన నవ్వితే, అదొక స్టైలని బుకాయించాను.

డాన్స్ పోటీకి మొదట నన్ను అనుకోలేదు. పోటీ పెట్టిన క్లబ్బు కార్యదర్శి గారు పాతకాలం డిస్కు ప్లేయర్లున్న ఇంకొకాయన్ని పిలుద్దామన్నారు. "ఈ లాప్‌టాప్ బొమ్మలు మధ్యలో మొరాయిస్తాయమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "నా మిషన్ స్టేజీ మీద ఆగితే ఆ రోజుతో ఈ పని మానేస్తాను సార్" అన్నాను. అంత మాట అనాల్సిన పని లేదు. అన్నాను.

శనివారం పోటీ మూడు గంటలకు మొదలైంది. హాలు నిండిపోయింది. నాలుగున్నర దాటాక చివరి జట్టు వచ్చింది, నీలం చొక్కాల పిల్లలు. అప్పటిదాకా మోచెయ్యి తియ్యలేదు. వాళ్లు బాగా ఆడుతున్నారు, జనం లేచి నిలబడ్డారు. ముందు వరసలో నాలుగైదు ఫోన్లు నా వైపు తిరిగాయి, వీడియో తీస్తున్నారు. నేను రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాను. మా వృత్తిలో అందరూ అలా చేస్తారు, జనానికి అది ఇష్టం. నాకూ ఇష్టమే. బల్ల అదురుకు కేబుల్ జారింది. మిషన్ లైట్లన్నీ ఆరిపోయాయి. పాట ఆగిపోయింది.

పిల్లలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయారు.

నా సంచిలో ఇంకో వైరు ఉంది. ఇలాంటి సమయానికని మేమంతా ఉంచుకుంటాం. ఫోనుకు తగిలిస్తే చిటికెలో ఏదో ఒక పాట వచ్చేది. కాని ఆ వైరు బయటికి తీస్తే నా మిషన్ ఆగిందని ఒప్పుకున్నట్టే. కార్యదర్శి గారు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. నేను సంచి ముట్టుకోలేదు. మైకు తీసుకుని, "కరెంటు పోయింది. ఫ్యూజు బాబాయ్, ఏం చేశావయ్యా?" అన్నాను. రోజూ వేళాకోళం ఆడే గొంతుతోనే అన్నాను. నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను.

ఆ మైకు హాలు ఆంప్లిఫైయర్‌కు కలిపి ఉంటుంది, నా మిషన్‌తో దానికి పనిలేదు. కరెంటు పోయిందని మైకులో చెప్పాను. కరెంటు పోతే మైకెలా పలికిందని అంతమందిలో ఒక్కరూ అడగలేదు. అందరి తలల మీదా ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అందరూ బాబాయ్ వైపు చూశారు.

ఆయన "ఉండమ్మా, నా వైపు చూస్తాను" అంటూ పరుగున వెళ్లారు. స్విచ్చుబోర్డు పక్క గోడకు ఎత్తున ఉంటుంది, నాలుగు ఇనుప మెట్లెక్కాలి. ఆయన మెట్లెక్కుతుండగా నేను వంగి కేబుల్ లోపలికి నొక్కాను. ఆయన స్టేజీ లైను స్విచ్చు ఒకసారి ఆపి మళ్లీ వేశారు. పాట వచ్చింది.

"చూశారా, ఇప్పుడిచ్చాడు! పిల్లల ఆట పాడు చేసి ఇప్పుడిచ్చాడు!" అని నీలం చొక్కాల వైపు నుంచి ఎవరో అరిచారు. కొందరు మెట్ల దగ్గరికి తోసుకెళ్లారు. ఆయన చొక్కా పట్టి లాగింది ఎవరో నాకు తెలియదు. నిజంగా తెలియదు, అప్పుడు నేను కేబుల్ వైపే చూస్తున్నాను. ఆయన పడిన చప్పుడు కూడా నాకు వినబడలేదు, పాట అంత గట్టిగా ఉంది. మా ఆయన వచ్చి స్పీకరు వైరు పీకి, "మనిషి పడితే ఇంకా పాటేమిటే!" అని అరిచేదాకా నేను ఆపలేదు.

ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

బాబాయ్ కుడి మణికట్టు విరిగింది. మెట్ల దగ్గరికి తోసుకెళ్లినవాళ్లు ఆయన మీద కోపంతోనే వెళ్లామంటున్నారు, ఆ కోపానికి నా మాటే ఆధారం. హాలు కమిటీ ఆయన్ని పనిలోంచి తీసేస్తుందని నిన్న తెలిసింది. ఇక దాచలేక ఆసుపత్రికి వెళ్లాను. మంచం పక్కకు వెళ్లగానే ఆయనే ముందు మాట్లాడారు.

"ఏమనుకోకు తల్లీ. నీ పరువు తీశాను నలుగురిలో."

"నువ్వేం చేశావు బాబాయ్?"

"నా చెయ్యే ఎక్కడో తగిలుంటుంది. నేను స్విచ్చు వెయ్యగానే వచ్చింది కదా పాట. వయసైపోయిందమ్మా, ఏది ముట్టుకున్నానో గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

రాత్రుళ్లు నిద్రపట్టక అదే ఆలోచిస్తున్నారని వాళ్లావిడ చెప్పింది. నాకు అరటిపండు ఒలిచి ఇచ్చింది. తిన్నాను. నిజం చెప్పకుండా వచ్చేశాను. అందుకు కూడా సిగ్గుపడుతున్నాను.

ఆయన స్విచ్చు వేసినప్పుడే పాట రావడం కాకతాళీయమా అని అధికారి గారు ఇప్పుడు అడిగారు. కాదు. ఆయన రెండో మెట్టు మీద ఉండగానే నా మిషన్ లైట్లు వెలిగాయి. మీట నొక్కితే పాట వచ్చేది. నేను నొక్కలేదు. వేలు మీట మీద పెట్టుకుని ఆయన చెయ్యి స్విచ్చు మీదకు వెళ్లేదాకా ఆగాను. ఆయన స్విచ్చు వేశారు, నేను నొక్కాను. ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

తప్పు బాబాయ్‌దేనని రాసిన కాగితం కమిటీవాళ్లు ఆసుపత్రికి తెచ్చారు. కుడిచేతికి కట్టు ఉండటంతో ఆయన దాని మీద ఎడమ బొటనవేలి ముద్ర వేశారు. ఆ కాగితం చెల్లదని రాయండి. ఈ వాంగ్మూలం నకలు కమిటీకి ఇవ్వండి. బాబాయ్‌కి మాత్రం నేనే వెళ్లి చదివి వినిపిస్తాను. ఎవరైనా నాతో వస్తే మంచిది, మళ్లీ అరటిపండు తినేసి వస్తానేమో.

రైటరు గారు మొత్తం చదివి వినిపించారు. ఒకచోట "కరెంటు పోయినప్పుడు" అని రాశారు. కొట్టేయించి, "నా కేబుల్ ఊడినప్పుడు" అని రాయించాను. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా జరిగినదే, నేను చెప్పినదే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ చెప్పించలేదు. నా కుడిచెయ్యి బాగానే ఉంది కనుక సంతకం పెడుతున్నాను.

(సంతకం)