సభలో కొట్టిన చప్పట్లు

కిష్టారంలో ఇంటి ముందు కూర్చుని ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. కోంటాలో సభకు వెళ్లిన తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నా చెయ్యి ఆపలేదు. సరిహద్దులో సిపాయిగా ఉన్న కొడుకు ఫోను మూడు రోజులుగా కలవడం లేదు.

“ఏమన్నడు మీ నాయకుడు?”

“యుద్ధం జేయాల్సిందేనన్నడక్కా.”

“ఆయన గూడ ఫౌజుల జేసిండు, సచ్చినోళ్లను జూసినోడు పిల్లల్ని ఉత్తగ పంపడని నువ్వే గద ఇంటింటికి తిరిగి ఓట్లేయిస్తివి!”

“జూసిండక్కా. తన పక్కనోడు ఎట్ల పోయిండో చెప్పుకుంట అందరి ముందట ఏడ్చిండు.”

“ఏడ్చి?”

“కండ్లు తుడుసుకొని యుద్ధమన్నడు. సిద్ధమేనా అని మమ్మల్ని అడిగిండు.”

“నువ్వేమన్నవ్? నువ్వూ ఫౌజుల పదహారేండ్లు చేసొస్తివి.”

తమ్ముడు తన అరచేతుల వంక చూసుకున్నాడు.

“లేచి నిలబడి చప్పట్లు కొట్టిన.”

ఆమె చేతిలోని గింజ జారి కింద పడింది.

“నా కొడుకు యాదికి రాలేదా నీకు?”

“వచ్చిండక్కా. వాణ్ని తల్సుకుంటనే కొట్టిన. పెద్దసాబ్ లెక్క ఎవరన్న గట్టిగ అడిగిండంటే నా చేతులు నన్నడగవు. ఫౌజుల అన్నిటికన్న ముందుగాల నేర్పేది అదే.”

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని ఫోను తీసింది. మళ్లీ కొడుకు నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. కలవలేదు.

“మరి నా కొడుక్కు గూడ అదే నేర్పిండ్రా, తమ్మీ?”