పెళ్లి కాదని ఒక కాగితం

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఇంటి నేలకింద గది, పొద్దున ఏడున్నర. వృద్ధాశ్రమంలో నర్సుగా రాత్రి డ్యూటీ చేసి రవ్‌నీత్ అప్పుడే వచ్చింది. ఆమె బూట్లు విప్పేదాకా కూడా భర్త గుర్‌తేజ్ ఆగలేదు.

“...నిశ్చితార్థం అని రాద్దాం. అంతే. నిశ్చితార్థం.”

“నన్ను కాస్త కూర్చోనివ్వండి.”

“కూర్చునే విను. వీసా ఆఫీసుకి జవాబివ్వడానికి రేపే ఆఖరు. ఫిబ్రవరిలో గురుద్వారాలో తీసిన పెళ్లి ఫొటోలు నా పని పర్మిట్ కోసం మనమే పంపాం. మార్చిలో నీ చదువు వీసా ఫారంలో ‘పెళ్లి కాలేదు’ అని ఉంది. ఏది అబద్ధమో చెప్పమంటున్నారు. గురుద్వారాలో అయింది నిశ్చితార్థం, తర్వాత ఆఫీసులో రిజిస్టరు చేయించిందే పెళ్లి అందాం.”

“ఏజెంటు అలా రాయమన్నాడు కదండీ. ఆఫీసులో రిజిస్టరు కాకపోతే అది పెళ్లి లెక్కలోకే రాదన్నాడు.”

“ఫారం మీద సంతకం ఎవరిది?”

“నాదే.”

“ఆఁ.”

“తెలియక రాశానని నిజం చెప్పేద్దాం.”

“చెబితే? నాకు పని పర్మిట్ రాదు సరికదా, ఇద్దర్నీ వెనక్కి పంపి ఐదేళ్లు గుమ్మం తొక్కనివ్వరు. అప్పుడు పంజాబ్‌లో, మన మోగాలో కూర్చుని నీ నిజాన్ని నెయ్యేసుకుని తిందాం.”

“గురుగ్రంథం చుట్టూ నాలుగు లావాలు, నాలుగు పెళ్లి ప్రదక్షిణలు తిరిగామండీ. మా అన్నయ్యలు ఒక్కొక్కరు నిలబడి నన్ను నడిపించారు. దాన్ని పట్టుకుని నిశ్చితార్థం అని ఎలా...”

“పద్నాలుగు నెలల్నుంచి ఈ గదిలో పడున్నా. పని చెయ్యకూడదు. పైన ఇంటాయన చెత్తడబ్బా బయటపెట్టమని నాకే చెబుతాడు, ‘నువ్వు ఖాళీయేగా కుర్రాడా’ అని. ట్రక్కు తోలినవాణ్ణి నేను! నీకేం, పొద్దున్నే పోతావు—”

“రాత్రి పోతాను.”

“ఎప్పుడో అప్పుడు పోతావు కదా!”

“సరే. మనం రాస్తే ఎవరు నమ్ముతారు?”

“మనం కాదు. మనూరి గురుద్వారాలో గ్రంథం చదివే గ్రంథీజీ రాసిస్తారు. మన పెళ్లిలో లావాల మంత్రాలు చదివింది ఆయనే. ఫోన్ లైన్లోనే ఉన్నారు. బాబాజీ, సత్ శ్రీ అకాల్!”

“వింటున్నా బేటా, ఆ నెయ్యి దగ్గర్నుంచీ వింటున్నా. ఇక్కడ గురుద్వారాలో సాయంత్రం ప్రార్థనకి వేళవుతోంది, త్వరగా చెప్పు.”

“ఒక్క కాగితం బాబాజీ. ఆ రోజు జరిగింది పెళ్లి కాదని.”

“నేనే పెళ్లి చేసి, కాదని నేనే రాయాలా?”

“మా బతుకులు మీ చేతిలో ఉన్నాయి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఫోన్లో కాళ్లెలా పట్టుకుంటావురా? విను. ఇద్దరూ ఉన్నారుగా. గురుగ్రంథం ముందు నిలబడ్డట్టు తలమీద గుడ్డ వేసుకుని, ‘మాకు ఆ రోజు పెళ్లి కాలేదు’ అని ఎవరికి వాళ్లు చెప్పండి. రాస్తాను. పాపం మీరే మోయండి.”

“మాకు ఆ రోజు పెళ్లి కాలేదు బాబాజీ.”

“తలమీద గుడ్డ వేసుకున్నావా?”

“తువ్వాలుందండీ. ఊఁ, రవ్‌నీత్, ఇక నువ్వు.”

“అంతేనా?”

“ఏంటి అంతేనా?”

“ఒక్క క్షణమైనా ఆగుతారనుకున్నాను.”

“ఆగడానికి టైమెక్కడిది?”

“మీకేమీ అనిపించలేదా?”

“పర్మిట్ వచ్చాక తీరిగ్గా అనిపించుకుంటాలే! చెప్పవే బాబూ, ఒక్క మాట. నోరు అరిగిపోతుందా?”

“బేటీ, ఇష్టం లేకపోతే వద్దు.”

“లేదు బాబాజీ. చున్నీ వేసుకున్నాను. మాకు ఆ రోజు పెళ్లి కాలేదు. రాసివ్వండి.”

“హమ్మయ్య! బతికించావు రవ్‌నీత్. టీ పెడతానుండు, అల్లం వేసి—”

“వద్దు. పెళ్లికాని మగాడివి, నా గదిలో ఏం చేస్తున్నావు గుర్‌తేజ్? నీ పెట్టె సర్దుకో.”