గుమ్మం దగ్గర పీట

కోటబొమ్మాళిలో ఆ మొగుడూ పెళ్ళాలు నాలుగో రోజు టెస్టు మ్యాచ్ చూస్తున్నారు. పొద్దున్న మనవాళ్ళ వికెట్లు ఐదు టపటపా పడ్డాయి. ఆమె గుమ్మం దగ్గర పీట వేసుకుని మునగాకు దూయడానికి కూర్చున్నాక ఒక్కటీ పడలేదు.

"ఆట అయిపోనాది. ఇక లెగమంటావా మావా?"

"లెగు. రేపు కూడా అక్కడే కూకోవాలి."

"రేపు సీరలు కొనడానికి మా సెల్లి ఎస్.కోట రమ్మన్నాది. నువ్వే ఎల్లమన్నావు!"

"మనోలు ఇలాగాడతారని నాకు తెల్సా ఏటి?"

"నాను పీట మీద కూకుంటే ఆలకి బంతి బాగా కనబడతాదా?"

"టీ పెడతానని లెగిసినావు. ఏటయినాది? ఆ కుర్రోడు క్యాచ్ లేపీసినాడు. ఆలొదిలీసినారు గాబట్టి బతికినాం."

ఆ బంతి గాల్లో ఉండగానే టీ గిన్నె వదిలేసి పరుగున వచ్చి పీట మీద కూలబడింది తనే.

"పోన్లే, ఎల్లు. ఎలాగూ ఓడిపోతాం. రేపు టీవీయే ఎయ్యను."

ఆమె ఫోన్ తీసింది.

"ఒసే సుహాసినీ, సీరలు ఎల్లుండి కొందామే. నాను లెగిస్తే మన కుర్రోడు ఔటయిపోతాడు."

ఫోన్ పెట్టేసి మొగుడికేసి చూసింది.

"మావా, ఆ పీట కదపకు. రేపు టీ నువ్వే పెట్టాల. వంటా నువ్వే."