ట్యాబ్‌ల మిగిలిన పాత అంకె

హలో… ఆ, నేనే. వసంతక్కనే… గొంతుకేం గాలే. ఇయ్యాల కంప్యూటర్ పాఠం వద్దు సుమనా. ఇంట్ల లొల్లి నడుస్తాంది… పొద్దుగాల నుంచి. ఆగు, తలుపు దగ్గరికేస్త—

అత్తమ్మా, చెల్లె ఫోను! వస్త!

…ఆ, ఇప్పుడు చెప్పు. మామయ్య గురించే. ఇగ మగ్గం మీద కూసోవద్దట… అందరిదీ అదే మాట. కొట్లాట వేరే. మగ్గం గుంట రేపే మట్టితోని పూడ్పియ్యాలె అంటది అత్తమ్మ. కండ్ల దవాఖానకు పోయొచ్చినంక సూద్దం అంటడు మీ బావ. గంతే తేడా.

…మామయ్యనా? వాకిట్ల కూసున్నడు. ఎండ మీదికొచ్చినా లేస్తలేడు.

…చెప్త, ఆగు. గా జడ్చర్ల కోమలమ్మ లేదా, చీరల దుకాణం… ఆ, ఆమెనే. మొదటి చీర సూడనీకి వచ్చింది. అంచు మీద చెయ్యి పెట్టి సూసింది. నాలుగు వేళ్ల అంచు అడిగితే మూడు వేళ్లే వచ్చింది… ఒక్క చీర అయితే ఏముండె! మా నారాయణపేటల ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు దిగుతయి, కంపెనీల చేరినంక మర్చిపోయినవా? మగ్గానికెక్కిన నిలువు పోగులల్లనే తక్కువున్నంక, ఎనిమిదింటి అంచు గట్లనే.

…పడుగు మామయ్యనే పోసిండు. నేను రాసిన యాప్ల లెక్క సూసే… అంచుకు రెండు వందల నలబై పోగులు ఉండాలె. నూట ఎనబై పోసిండు… మీ బావ కంప్యూటర్ తెరిచి అందరికి చూపెట్టిండు. రెండు వందల నలబై, ఇంత పెద్దగ కనపడుతాంది. ఇగేముంది. 'నీకు కండ్లు పోయినయి బాపు' అన్నడు. కోమలమ్మ ముంగటనే.

…'నాకు నూట ఎనబై అనే కనపడ్డది బిడ్డా' అన్నడు మామయ్య. ఒక్కటే సారి. జర సేపైనంక ఆయననే… 'ఏమో, తప్పే సదివిన్నేమో' అన్నడు. గది ఇన్నప్పటి నుంచి నాకు…

ఏడుస్తలేనే.

…మామయ్య సూసే ట్యాబా? కంప్యూటర్ల సూసినం గద, ట్యాబ్ల గూడ గదే యాప్. వెబ్ పేజీ లెక్క ఒక్కసారి రాస్తె అటు కంప్యూటర్ల, ఇటు ట్యాబ్ల నడుస్తదని నువ్వే కద నేర్పినవ్… చార్జింగ్ అయిపోయి మగ్గం అర్రల పడున్నది. ఎందుకు?… సరే తల్లీ, పోతున్న. పెడ్త.

…నవ్వకు. వైరు దొరుకుతలేదు… ఆ, బ్రాకెట్ తెరిచి మూసుడు మరిచిపోయేదాన్నే. నీకు చిన్నప్పుడు రెండు జడలేసి బడికి తోలింది గూడ గీ మర్చిపోయేదే. యాదుంచుకో.

…ఎలిగింది. లే, ఈడ నెట్టు రాదు. గందుకే కద నెట్టు లేకున్నా నడిచేటట్టు చేసిన. నువ్వు మెచ్చుకున్నవ్ గూడ… తెరుస్తున్న. కోమలమ్మ ఆర్డరు… అంచు…

…సుమనా.

నూట ఎనబై.

…నూట ఎనబై ఉన్నదే. అద్దాలు పెట్టుకొనే సూస్తున్న.

…మెల్లగ చెప్పు. అంటే నేను కంప్యూటర్ల మార్చింది గీ ట్యాబ్లకు రాలే. నెట్టు తాకితెనే కొత్తది తెచ్చుకుంటది, గప్పటిదాంక తన తాన దాపెట్టుకున్న పాతదే సూపెడ్తది… తెలుసు. పోయిన నెల చెప్పినవ్. ఏ తారీకు నాటి అంకెనో పైన కనపడేటట్టు రాయుమన్నవ్ గూడ. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్న… కోమలమ్మ ఫోన్ చేసి మూడు కాదు నాలుగు వేళ్లు అన్ననాడు గబగబ అంకె మార్చిన. స్టవ్ మీద పప్పు మాడుతాంటె లేచిన. మామయ్యకు ఒక్క మాట చెప్పలే. ట్యాబ్ల సూస్తడు గద అనుకున్న.

ఆయన సక్కగనే సదివిండు సుమనా. ఉన్నది ఉన్నట్టు సదివిండు.

…ఏంది? మల్ల చెప్పు.

…ముందటి అర్రలకు తీస్కపోతె సాలు అంటవా. నెట్టు తాకుతది. రెండు నిమిషాలల్ల గిది గూడ రెండు వందల నలబై అయితది. ఎవ్వరికి తెల్వది… నా మంచికే చెప్తున్నవ్, నాకెరుకే… అవును, సోమవారం నుంచి మా గల్లీల పన్నెండు ఇండ్లకు యాప్ ఇస్తనన్న. అవును, ఇది తెలిస్తె అత్తమ్మ కంప్యూటర్‌ను మూట గడ్తది… మూడేండ్ల సంది, వంటయినంక, బట్టలుతికినంక కూసోని నేర్చుకున్న. గీ వయసుల నీకెందుకే అననోళ్లు ఎవరున్నరు? నాకు తెల్వదా?

…

ఉన్న. మగ్గం గుంట దిక్కే సూస్తున్న.

…యాబై ఏండ్లు కాళ్లు పెట్టుకోని కూసున్న గుంట సుమనా. రేపు మట్టి పోస్తరు. దవాఖానల కండ్లు మంచిగున్నయన్నా ఇంట్ల ఎవరు నమ్ముతరు? ఆయనే ఆయనను నమ్ముతలేడు ఇప్పుడు.

…లే. తీస్కపోను… కోపం కాదే పిచ్చిదానా. నువ్వు నా చెల్లెవు, గట్లనే చెప్తవు… ఫోన్ పెట్టకు. ఏం మాట్లాడకు గని, పెట్టకు.

అత్తమ్మా! జర ఇటు రాండ్రి, మగ్గం అర్రలకు. ఇగో, మీరు గూడ. మామయ్యను తోలుకరాండ్రి… తర్వాత తిందురు, ముందుగాల రాండ్రి.

…వస్తున్నరు సుమనా.

మామయ్యా, గిట్ల కూసోండ్రి. గిది పట్టుకోండ్రి. గీ అంకె ఎంతనో సదువుండ్రి… మీరే సదువుండ్రి. భయం లేదు… ఎంత? ఆ. గంతే ఉన్నది… ఇగో, మీరు గూడ వంగి సూడుండ్రి. సూసిండ్రా?

మామయ్య తప్పు సదవలే అత్తమ్మా. నేను కంప్యూటర్ల మార్చిన, గీ ట్యాబ్ల మారలే. మారిందా లేదా అని సూసుకోలే… కాదు, మిషన్ది కాదు. నాదే తప్పు.

రేపు జడ్చర్ల పోయి కోమలమ్మకు నేనే చెప్త. మూడు వేళ్ల అంచుకే ఒప్పుకుంటె మంచిదే. ఒప్పుకోకుంటె గీ ఎనిమిది చీరలకు వేరే గిరాకిని నేనే ఎతుకుత… ఆగుండ్రి, నన్ను చెప్పనియ్యుండ్రి. గుంట పూడ్చొద్దు. మగ్గం మామయ్యదే. సోమవారం నాడు గల్లీల ఎవ్వరికి యాప్ ఇయ్యను. ముందు మనింట్ల సక్కగ నడవాలె. ఇగ నుంచి అంకె నేను నోటితోని చెప్పాలె, మామయ్య మల్ల నాకు అప్పజెప్పాలె, గప్పుడే పడుగు పోసుడు… నేర్చుకునుడు మాత్రం మానను అత్తమ్మా. గది గూడ ఇప్పుడే చెప్తున్న, మల్ల అడగొద్దు.

…మీ బాపుకు ఏం చెప్పుకుంటరో మీరు చెప్పుకోండ్రి.

…

సుమనా, ఉన్నవా?… అత్తమ్మ నా దిక్కే సూస్తాంది. మీ బావ తల ఎత్తుతలేడు.

…మామయ్యనా? ట్యాబ్ ఇస్తలేడు. ఒళ్లె పెట్టుకొని, గా అంకె మీద ఏలు పెట్టిండు. నూట ఎనబై, నూట ఎనబై అని లోపల్నే సదువుకుంటాండు.

…పెడ్తున్న.