ఆయిల్ మూత

బావగారి వాకిట్లో ఆయన తమకు అమ్ముతానన్న పాత కారు బోనెట్ ఎత్తి, ఆమె లోపలికి తలదూర్చింది.

భర్త వెనకే వచ్చాడు. “అన్నయ్య కారుకి పరీక్షలేంటే? అందరూ ఎదురుచూస్తున్నారు, రా.”

“చూడనీండి. ఆయిల్ మూత అడుగున ఈ జిడ్డు చూశారా? పాలు పోసిన కాఫీలా ఉంది. ఆయిల్లో నీళ్ళు కలిస్తేనే ఇలా అవుతుంది.”

“చెమ్మ పట్టిందేమోలే, మెకానిక్కమ్మా!”

“చెమ్మే అయితే ఈ నీళ్ళ డబ్బాలో బుడగలెందుకు? ఇప్పుడే స్టార్ట్ చేశాను, ఇంజన్ ఇంకా వేడెక్కనే లేదు, అప్పుడే ఎసరులా పొంగుతోంది. నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయింది.”

భర్త వంగి చూశాడు. గొంతు తగ్గించాడు.

“నువ్వు నోరు విప్పకు. నేను తర్వాత ఫోన్లో నెమ్మదిగా చెప్తాను. ఇప్పుడంటే నొచ్చుకుంటాడు.”

“నొచ్చుకోనీండి. వారానికి మూడుసార్లు అత్తయ్యను డయాలసిస్‌కి తీసుకెళ్ళాల్సింది నేను. ఇది నడిరోడ్డున ఆగిపోతే ఆవిణ్ణి చూసుకోనా, మీ అన్నయ్య మర్యాద చూసుకోనా?”

“ఆగవే...”

ఆమె ఆగలేదు. ఇంజన్ ఆపి లోపలికి వెళ్ళి, హాల్లో అత్తగారి ఒడిలో ఉన్న రెండో జత తాళాలు కూడా తీసి, బావగారి ముందు పెట్టింది.

“ఇంజన్ పాడైంది బావగారూ, ఈ కారు మేం తీసుకోవడం లేదు. అత్తయ్యా, రేపు కూడా మనం టాక్సీలోనే వెళ్తున్నాం.”